అంబులెన్స్ కన్నా ముందు ఒక ఫోన్: బెంగళూరు తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కమిటీ సభ్యులకు నమస్కారం.

ఉగాది సభలో నాకు సన్మానం చేస్తామని పోయిన వారం మీలో ఒకరు ఫోన్ చేశారు. బయోడేటా పంపమన్నారు. అందులో ‘ఇప్పటిదాకా ఎన్ని కళ్లు మార్చారో’ తప్పకుండా రాయమన్నారు. మర్నాడు వాట్సాప్‌లో ఫ్లెక్సీ డిజైన్ వచ్చింది. నా ఫొటో పక్కన ఒక పెద్ద కన్ను, ఆ కంట్లో దీపం, కింద ‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’. సభ దగ్గరే నేత్రదాన శిబిరం పెట్టి వెయ్యి మంది చేత ఫారాలు నింపిస్తామని కూడా రాశారు.

ఫ్లెక్సీ ఆపించండి. శాలువా కూడా వద్దు. కోపం వచ్చి అంటున్న మాట కాదు, మీ మనసు మంచిదని నాకు తెలుసు. కానీ ఆ వెయ్యి ఫారాల వల్ల నా ఆపరేషన్ టేబుల్ మీదికి ఒక్క కార్నియా కూడా రాదేమో అనిపిస్తోంది. ఎందుకో తెలియాలంటే నా పని గురించి కాస్త చెప్పాలి. బయోడేటా బదులు ఇదే అనుకోండి.

మొట్టమొదట, నేను కళ్లు మార్చను. చూపు వచ్చేలా కన్ను మొత్తాన్ని మార్చడం ఇంకా ఎవరి వల్లా కాలేదు. నేను మార్చేది కార్నియా. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పొర అది. అడ్డంగా కొలిస్తే 11, 12 మిల్లీమీటర్లు. మధ్యలో మందం అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు కాబట్టే అంత తేటగా ఉంటుంది. ఇంకొకరిది తెచ్చి పెట్టినా శరీరం చాలాసార్లు గొడవ చేయకుండా ఊరుకునేది కూడా అందుకే. ఆ అద్దం మీద తెల్లటి మచ్చ పడితే మన ఊళ్లలో ‘కంట్లో పువ్వు పడింది’ అంటారు. ఎవరు పెట్టారో గానీ అంత చెడ్డ జబ్బుకి అంత మంచి పేరు.

పువ్వు ముసలివాళ్ల జబ్బు అనుకోకండి. 2015-19లో జరిగిన జాతీయ అంధత్వ సర్వేలో 50 ఏళ్లు దాటినవాళ్లకి చూపు పోవడానికి మొదటి కారణం శుక్లాలు. 50 లోపువాళ్లలో మాత్రం మొదటి కారణం కార్నియా మచ్చలే. అంటే పొలంలో, ఫ్యాక్టరీలో, బడిలో ఉండాల్సినవాళ్లు.

మా అవుట్ పేషెంట్ విభాగానికి ఒక ఉదయం వస్తే మీకే తెలుస్తుంది. చిత్తూరు, మదనపల్లె, హిందూపురం, అనంతపురం వైపు వాళ్లకి పెద్దాసుపత్రి అంటే చాలాసార్లు బెంగళూరే. ఒకాయనకి చెరకు తోటలో ఆకు కంట్లో కోసుకుపోయింది. రెండు రోజులు ఆకు పసరు పోశారు. తగ్గకపోతే మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు వేసుకున్నారు. అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది, మందు బాగా పనిచేస్తోందని ఇంకో సీసా కొన్నారు. లోపల ఫంగస్‌కి మాత్రం అది పండగ. నా దగ్గరికి వచ్చేసరికి మూడు వారాలైంది. కార్నియా కరిగి మధ్యలో ఆవగింజంత చిల్లు పడింది. ఆ రాత్రి మా దగ్గర కార్నియా లేదు, తెలిసిన ఐబ్యాంకుల్లో, అంటే దానం చేసిన కళ్లు సేకరించి ఉంచే చోట్లలో, దేంట్లోనూ లేదు. చిల్లుని జిగురుతో మూసి, పైన కాంటాక్ట్ లెన్సు పెట్టాను. జిగురు అంటే నిజంగా జిగురే, మీ ఇంట్లో విరిగిన కప్పులు అతికించే ఫెవిక్విక్‌కి దగ్గరి చుట్టం. రోజూ ఉదయం రౌండ్స్‌లో ఆయన ఒకటే అడిగేవాడు: “ఏం మేడమ్, కన్ను యాడన్నా దొరికిందా?”

అయిదో రోజు దొరికింది. బాగా పెద్ద వయసు మనిషిది. చూపు కోసం పెట్టేంత మంచి కార్నియా కాదు, కానీ ఇన్‌ఫెక్షన్‌ని తీసేసి కన్నుని నిలబెట్టడానికి చాలు. చూపు కోసం ఇంకోసారి ఇంకొకరిది పెట్టాల్సి వచ్చింది. దానికి మళ్లీ కొన్ని నెలల ఎదురుచూపు.

ఆ ఎదురుచూపే నా వృత్తి అని చెప్పుకుంటే అతిశయోక్తి కాదు. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎంఎస్ మూడేళ్లు, ఆ పైన కార్నియా ఫెలోషిప్. మా సీనియర్లు అప్పుడే చెప్పారు: శుక్లాలు చేసుకో, లేజర్ చేసుకో, రోగి మర్నాడే నవ్వుకుంటూ ఇంటికి పోతాడు, నువ్వూ ఇల్లు కట్టుకుంటావు. నిజమే. శుక్లాల డాక్టరుకి లెన్సు బీరువాలో ఉంటుంది. నంబరు చూసి తీసుకోవడమే. నాకు కావాల్సింది ఏ కంపెనీ డబ్బాలోనూ దొరకదు. నా ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టు తయారయ్యేది నేను రాస్తే కాదు, ఊళ్లో ఎక్కడో ఒక ఇంట్లో ఒకరు పోయి, ఆ ఇంట్లో ఇంకొకరు ఫోన్ తీస్తే.

పని నేర్చుకున్నది మేక కళ్ల మీద. పీజీలో ఉండగా వారానికి రెండుసార్లు తెల్లవారుజామున మాంసం కొట్టుకి వెళ్లి, స్టీలు ఫ్లాస్కులో ఐసు వేసి, పది పన్నెండు కళ్లు తెచ్చుకునేదాన్ని. నేను పప్పన్నం మనిషిని. మొదటి రోజు కొట్టు ముందు నిలబడి ఏం అడగాలో తెలియక ‘కళ్లు’ అంటే, కొట్టు అతను కల్లు దుకాణం ఆ సందులో అన్నాడు. తర్వాత తర్వాత నా కోసం తీసి పక్కన పెట్టేవాడు. పై అధికారులకి ఎప్పుడూ చెప్పుకోలేదు గానీ, నా మొదటి గురువు అతనే.

కుట్లు పదహారు. దారం 10-0 నైలాన్. తల వెంట్రుకలో సుమారు మూడో వంతు మందం, మైక్రోస్కోపు లేకపోతే అది చేతిలో ఉందో లేదో తెలియదు. రోగి కార్నియాని గుండ్రంగా కోసి తీశాక, కొత్తదాన్ని పెట్టి నాలుగు వైపులా కుట్టేదాకా కన్ను పైకప్పు లేని ఇల్లు. ‘ఓపెన్ స్కై’ అంటాం మేము. ఆ కొద్ది నిమిషాల్లో రోగి గట్టిగా దగ్గాడంటే లోపలున్నవి బయటికి వచ్చేస్తాయి. ఓటీలో అప్పటిదాకా సినిమా కబుర్లు చెప్పుకునేవాళ్లం కూడా ఆ నిమిషాల్లో మాట్లాడం. ఇన్నేళ్లయినా నాకు అక్కడ టెన్షన్ తగ్గలేదు. తగ్గిన రోజు మానేస్తాను.

ఇప్పుడు చాలామందికి కార్నియా మొత్తం మార్చే పని లేదు. లోపలి పొర ఒక్కటే పాడైతే అదొక్కటే వేస్తాం. దాని మందం 10 నుంచి 15 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఉల్లిపొర దీని ముందు దుప్పటి. తీయగానే చాపలా చుట్టుకుపోతుంది. నీలం రంగు అద్ది, కంట్లోకి వదిలి, పైనుంచి మెల్లగా తడుతూ విప్పాలి. ఒక్కోసారి మూడు నిమిషాల్లో విప్పుకుంటుంది, ఒక్కోసారి ముప్పావు గంట నా ఓపిక చూస్తుంది. తర్వాత కింద గాలి బుడగ వదులుతాం. ఆ బుడగే దాన్ని పైకి అదిమి అతికిస్తుంది. అందుకని రోగి వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉండాలి. ఫోన్ చూడకుండా అన్ని గంటలు ఎలా ఉండాలని కుర్రాళ్లు అడుగుతారు. ఆపరేషన్ కన్నా అదే కష్టం వాళ్లకి.

ఈ పనిలో మొదటి విజయం 1905 డిసెంబరులో, ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్ అనే ఊళ్లో. ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు చేశాడు. రోగి ఒక కూలీ, సున్నం పడి రెండు కళ్లూ పోయినవాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా సున్నం మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఇప్పటికీ తాంబూలం సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే పగిలి కంట్లో పడి వస్తారు. ఆ పొట్లం పిల్లలకి అందేచోట పెట్టకండి. ఇది లేఖకి సంబంధం లేని మాట, కానీ అవకాశం దొరికినప్పుడల్లా చెబుతుంటాను.

సరే, మీ ఫారాల సంగతికి వస్తాను.

కన్నడిగుల మధ్య బతుకుతున్నాం కాబట్టి ఇది మీకు తెలిసే ఉంటుంది. 2021 అక్టోబర్ 29న కన్నడ సినిమా హీరో పునీత్ రాజ్‌కుమార్ పోయారు. 46 ఏళ్లు. ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఆ గందరగోళంలో కూడా కుటుంబం కళ్లు ఇచ్చింది. మర్నాడు నారాయణ నేత్రాలయ డాక్టర్లు ఒక్కో కార్నియాని ముందు పొర, వెనక పొరగా విడదీసి రెండు కార్నియాలతో నలుగురికి వేశారు. తర్వాత కర్ణాటకలో ఫారాలు నింపడానికి జనం ఎగబడ్డారు. అందరికీ గుర్తున్నది ఇంతే. కానీ నేను చూసేది వేరు. 2006లో తండ్రి, నటుడు డాక్టర్ రాజ్‌కుమార్ పోయినప్పుడు ఆయన కళ్లు ఇచ్చారు. 2017లో తల్లి పార్వతమ్మ పోయినప్పుడూ ఇచ్చారు. 2021లో ఆ ఇంట్లో అడగాల్సిన ప్రశ్న కొత్తది కాదు. ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు, ఏం జరుగుతుందో తెలుసు. ఆ ఇంటికి అలవాటు ఉంది. కళ్లు తెచ్చింది ఆ అలవాటు.

ఫారం నింపినాయన పోయిన రోజు ఫారం ఎక్కడుంటుందో చెప్పనా? బీరువాలో ఎల్ఐసీ బాండ్ల కింద. పదకొండో రోజు తర్వాత బయటపడుతుంది. ఆచరణలో ఆ కాగితం సరిపోదు కూడా. దగ్గరి బంధువు ఒప్పుకుంటేనే కళ్లు తీస్తారు. ఆయన ఫారం నింపకపోయినా ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే చాలు. అంటే ఫారం ఉండి ఫోన్ లేకపోతే రాదు, ఫోన్ ఉండి ఫారం లేకపోయినా వస్తుంది. మన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని 1987లో మొదలుపెట్టారు. దానికి అనుబంధంగా 1989లో వచ్చిన రామాయమ్మ ఐబ్యాంకు వాళ్లు పెద్ద ఆసుపత్రుల్లో కౌన్సెలర్లను కూర్చోబెట్టి, పోయినవాళ్ల కుటుంబాన్ని అక్కడికక్కడే మర్యాదగా అడిగే పద్ధతిని నమ్ముకున్నారు. అంతా ఆ అడగడంలోనే ఉంది.

బెంగళూరు తెలుగువాళ్లకి ఇంకో చిక్కు ఉంది. మనం ఇక్కడ బతుకుతాం, పోయాక మాత్రం ఊరికి వెళ్తాం. మారతహళ్లిలో తెల్లవారుజామున ఒకాయన పోతే, సూర్యోదయానికి అంబులెన్స్ గేటు దగ్గర ఉంటుంది. ఊళ్లో ఏర్పాట్లు మొదలైపోతాయి. చీకటి పడకముందే కావాలంటారు. కార్నియా తీయాల్సింది ఆరు గంటల లోపు. ఆ ఆరు గంటలూ హోసకోట, కోలారు, ముళబాగిలు దాటుతూ, లేదా చిక్కబళ్లాపుర రోడ్డు మీద కరిగిపోతాయి. తీయడానికి పట్టేది ఇరవై నిమిషాలు.

ఎవరి ఇంట్లోనో జరిగింది చెప్పడం తేలిక, నా ఇంట్లోదే చెబుతాను. మా మామగారు మా ఫ్లాట్‌లోనే పోయారు, హెబ్బాళ్‌లో. ఉదయం నాలుగూ యాభైకి. గుండె. 74 ఏళ్లు. నాకు అన్నీ తెలుసు. ఫ్యాన్ ఆపాలి, ఆపాను. రెప్పలు మూయాలి, మూశాను. తల కింద దిండు పెట్టి రెప్పల మీద తడి దూది వేశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఐబ్యాంకు నంబరు నా ఫోన్‌లో ఉంది, రాత్రి డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ నా దగ్గర పని నేర్చుకున్నవాడే. కానీ అత్తగారి ముందుకి వెళ్లి ఆ మాట అనలేకపోయాను. కోడల్ని. కళ్ల డాక్టర్ని. ‘పోయి గంట కాలేదు, అప్పుడే కళ్ల మీద పడింది’ అని బావగారు అనుకుంటారేమో అనిపించింది. ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. ఎనిమిదింటికి బయల్దేరాం. బాగేపల్లి టోల్ దగ్గర వాచీ చూసుకున్నాను. పది కావస్తోంది.

పన్నెండో రోజు భోజనాలు అయ్యాక అత్తగారు నన్ను పిలిచి అడిగారు. “ఏమ్మా, ఆయన కళ్లు పనికిరావా? శుక్లాల ఆపరేషన్ అయింది కదా, అందుకే నువ్వు అడగలేదనుకున్నాను.”

పనికొచ్చేవి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు ఇవ్వొచ్చు. షుగరు, బీపీ ఉన్నా, కళ్లజోడు పెట్టుకున్నా ఇవ్వొచ్చు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్, కొన్ని రక్త క్యాన్సర్లు లాంటివి ఉంటే తీసుకోరు. అది తేల్చేది ఐబ్యాంకు, అందుకోసం కాస్త రక్తం కూడా తీసుకుంటారు. మీరు తేల్చొద్దు. ఆవిడకి ఇదంతా చెప్పాను. “మరి అడగాల్సింది” అని లేచి వెళ్లి ఆకులు తీయించే పని చూసుకున్నారు. అంతకన్నా ఏమీ అనలేదు.

ఇది రాయడం నాకు ఇష్టం లేదు. కానీ ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న నాకే నోరు పెగల్లేదంటే, ఆ టైములో ఇంటివాళ్లు తమంతట తాము గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తారని ఎలా అనుకుంటాం? అడగాల్సింది ఇంటి మనిషి కాదు. డాక్టరూ కాదు. మీరు.

మీరంటే సంఘం కాదు. ప్రతి అపార్ట్‌మెంటులో ఒక మనిషి ఉంటాడు, మీకు తెలుసు. ఎవరు పోయినా అర్ధరాత్రయినా అతనికే ఫోన్ వెళ్తుంది. ఫ్రీజర్ బాక్సు అతనే తెప్పిస్తాడు, అంబులెన్స్ బేరం అతనే ఆడతాడు, పంతులుగారి నంబరు అతని దగ్గరే ఉంటుంది. సభల్లో వేదిక మీద కనిపించడు, వెనక కుర్చీలు సర్దుతుంటాడు. నాకు అతను కావాలి. మీ వెయ్యి ఫారాలు మీ దగ్గరే ఉంచుకుని, కాలనీకి అలాంటివాళ్లు ఇద్దర్ని ఇవ్వండి.

అతను చేయాల్సింది ఒకటే, అంబులెన్స్‌కి ఫోన్ చేయకముందు ఇంట్లో ఒక మాట అడగడం. ఏడుస్తున్న భార్యని కాదు. ఒక పక్కన నిలబడి ఊరికి ఫోన్లు చేస్తున్న బావమరిదో, పెద్దల్లుడో ఉంటారు, వాళ్లని. ‘కళ్లు ఇవ్వాలని మీలో ఎవరికైనా ఉందా? ఉంటే నేను ఫోన్ చేస్తాను, ఇరవై నిమిషాల పని, ప్రయాణానికి ఆలస్యం కాదు.’ అంతే. పుణ్యం వస్తుందని చెప్పొద్దు. పునీత్ పేరు ఎత్తొద్దు. వద్దంటే ‘సరేనండీ’ అని వెంటనే అంబులెన్స్ సంగతి చూడాలి, మొహం చిన్నబుచ్చుకోకూడదు. ఊ అంటే ఫోన్ చేసి, ఫ్యాన్ ఆపించి, రెప్పల మీద తడి దూది వేయించాలి. గాలికి ఆరిపోవడమే కార్నియాకి పెద్ద శత్రువు. ఇంట్లో పోతే మరణ కారణం రాసిచ్చే డాక్టరు కావాలి, ఆయన నంబరు కూడా దగ్గర పెట్టుకోవాలి. యాక్సిడెంటు, పోలీసు కేసు అయితే పద్ధతి వేరు, దాని గురించి ఐబ్యాంకు వాళ్లే మాట్లాడతారు.

రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. మొహం పాడవుతుందా? పాడవదు. ఇప్పుడు గుడ్డు మొత్తం తీయడం తక్కువ, పైన అద్దం పొరని కొద్దిగా తెల్లగుడ్డు అంచుతో కలిపి తీసి, రెప్పలు మూసేస్తారు. తీసింది చెబితే తప్ప తెలియదు. వచ్చే జన్మలో గుడ్డివాళ్లుగా పుడతారా? దీనికి నా దగ్గర వైద్యశాస్త్రం లేదు. కాళహస్తి పక్క ఊరి మా పంతులుగారు మాత్రం కన్నప్పకి మోక్షం వచ్చింది కదమ్మా, జన్మే లేదు అంటారు. కన్నప్ప కథ మీ సభల్లో ఎవరో ఒకరు ఎలాగూ చెబుతారు. చెప్పండి. కాకపోతే బతికుండగా కన్ను ఇవ్వడానికి ఇప్పటి చట్టం ఒప్పుకోదని కూడా చెప్పండి. ఒక కుర్రాడు నిజంగానే తల్లి కోసం తన కన్ను ఇస్తానని నా ముందు కూర్చుని గొడవ చేశాడు.

ఇంకొకటి. డబ్బు ప్రస్తావన రాకూడదు. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం అవయవాలు, కణజాలాలు కొనడం, అమ్మడం నేరం. ఎవరి కళ్లు ఎవరికి వేశారో ఐబ్యాంకు చెప్పదు. మా నాన్న కళ్లు చూస్తున్న మనిషిని ఒక్కసారి చూపించండి అని అడుగుతారు. చెప్పలేం. ముందే చెప్పేస్తే తర్వాత మనసు కష్టపెట్టుకోరు. తీసిన ప్రతి కార్నియా మార్పిడికి పనికొస్తుందని కూడా మాట ఇవ్వొద్దు. లోపలి కణాల లెక్క చూస్తారు, చాలకపోతే ఇన్‌ఫెక్షన్ కేసులకో, మా పీజీల శిక్షణకో వాడతారు. పీజీలకి వాడితే వృథా అనుకునేవాళ్లు నాతో ఒకసారి మాట్లాడండి.

ఉగాది రోజు నేను రాలేను, ఆ రోజు డ్యూటీ వేయించుకున్నాను. దానికి ముందు ఆదివారం ఉదయం పదింటికి మీ హాలు ఖాళీగా ఉందని కార్యదర్శిగారు చెప్పారు. ఆ ఇద్దరిద్దర్ని పంపండి, వేదిక అక్కర్లేదు, కుర్చీలు గుండ్రంగా వేస్తే చాలు. ఐబ్యాంకు టెక్నీషియన్‌ని నాతో తీసుకొస్తాను, ఏం తీస్తారో, ఎలా తీస్తారో వాళ్లే కళ్లారా చూస్తారు. ఫ్లాస్కులో మేక కళ్లు తెస్తున్నాను కాబట్టి టిఫిన్ మాత్రం ముందే పెట్టించేయండి.

ఇట్లు,
మీ బెంగళూరులోనే ఉంటున్న ఒక కార్నియా డాక్టరు